గుసగుసక్క రాసిచ్చిన మాటలు

నేను వెళ్ళేసరికి ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని, అలమర సొరుగులన్నీ బయటికి లాగి తుడుస్తోంది. చెంచాలు ఒక పక్క, ఏ తలుపుకూ పట్టని పాత తాళంచెవులు ఒక పక్క, ఎందుకు దాచారో ఎవరికీ తెలియని సీసామూతలు ఒక పక్క. నన్ను చూసి లేవలేదు.

"రండన్నయ్యా, కూర్చోండి. ఇంట్లో ఎక్కడైనా దుమ్ము కనపడితే చెప్పండి. తుడవడానికి నాకింకేం మిగల్లేదు" అంది.

ఆమె భర్త నా పాత స్నేహితుడు. నాటక సమాజంలో లైట్లు వేస్తాడు కాబట్టి అందరికీ లైట్లాయన. ఆమె నన్ను అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆయన నన్ను బావగారూ అనడం మొదలుపెట్టాడు. ఆయన నన్ను వరండాలోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించాడు.

"ఆపరేషన్ మచ్చ అంచున మళ్ళీ ఏదో చేతికి తగిలింది బావగారూ. సూది పెట్టి ముక్క తీశారు. రేపు చెప్తారట. వారం నుంచి ఇదే వరస. కంటి మీద కునుకు లేదు. గోడలు కడిగింది, కిటికీలు కడిగింది. నిన్న నా పనిముట్ల పెట్టె సబ్బునీళ్ళలో ముంచింది. తుప్పు పడతాయే అంటే వినిపించుకోదు. రేపు మీరూ రండి. ఒక్కణ్ణీ నా వల్ల కాదు."

అదీ సంగతి. రెండేళ్ళ కిందట ఒక రొమ్ము తీసేసి, నరాల్లోకి మందులెక్కించి, కిరణాలు పెట్టి, ఇక పోయిందిలే అనుకున్నది తిరిగొచ్చిందా, రాలేదా? ఆ ఇంట్లో ఆ వారం ఎవరు ఏం మాట్లాడినా, దాని వెనక ఆ ఒక్క ప్రశ్నే ఉంది.

ఆమె సంగతి కాస్త చెప్పాలి. అదే సమాజంలో ఆమె ప్రాంప్టరు. నటుడు మాట మరిచిపోతే తెర పక్కనుంచి అందించే మనిషి. నేను చాలా ఊళ్ళు తిరిగాను. ఏ ఊళ్ళో దిగినా గ్రంథాలయం ఎక్కడుంది, నాటకశాల ఎక్కడుంది అని ముందు వాకబు చేస్తాను. బస ఎక్కడన్నది ఆ తరవాతి మాట. నటుల మీద, దర్శకుల మీద, చివరికి నాటకశాలల పైకప్పుల మీద కూడా లావుపాటి పుస్తకాలు చదివాను. ప్రాంప్టరు గురించి ఒక్క పేజీ రాసిన మహానుభావుడు నాకు తగల్లేదు. రాయరు. బాగా పనిచేసిన ప్రాంప్టరు ఉన్నట్టే తెలియకూడదు మరి.

రంగస్థలానికి ఎడమ పక్క, తెర మడతల్లో ఆమె స్టూలు. నీలం కాగితం చుట్టిన చిన్న బల్బు, ఒళ్ళో నాటకం ప్రతి. నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా అన్నది కనిపెట్టడంలోనే ఆ విద్యంతా ఉంది. కావాలని ఆగినవాడికి మాట అందిస్తే లోపలికొచ్చాక కొట్టినంత పని చేస్తాడు. మరిచిపోయినవాడికి అందించకపోతే ఏడ్చినంత పని చేస్తాడు.

"మొహం చూసి కనుక్కోలేం అన్నయ్యా, మొహం నటిస్తుంది. నేను మడమలు చూస్తాను. మాట మరిచినవాడి మడమలు నేలని వెతుక్కుంటాయి" అని ఒకసారి చెప్పింది.

ఇన్నేళ్ళ అలవాటుతో ఆమె మామూలు మాట కూడా గుసగుసలోకి దిగిపోయింది. కూరల బండి దగ్గర బేరం కూడా గుసగుసే. ఏదో రహస్యం చెప్పబోతోందనుకుని బండివాడు తల దగ్గరికి పెట్టేవాడు. ఆ కంగారులో ధర తగ్గించేవాడు. అందుకే సమాజంలో పెద్దా చిన్నా అందరికీ ఆమె గుసగుసక్క.

జబ్బు బయటపడింది కూడా తెర పక్కనే. కొత్త నాటకానికి తలుపొకటి చేయించారు, కర్ర చట్రానికి గుడ్డ బిగించి రంగు వేసినది. చీకట్లో దాన్ని జరుపుతుంటే అంచు వచ్చి ఆమె రొమ్ముకి తగిలింది. కమిలిందేమోనని తడుముకుంటే లోపల గడ్డ. తలుపు తగలడం వల్ల గడ్డ రాదమ్మా, ముందునుంచీ ఉన్నదాన్ని నీకు చూపించిందంతే అని డాక్టరమ్మ చెప్పాక, ఆమె ఆ తలుపు మీద ఈగ వాలనిచ్చేది కాదు.

"ఆ నాటకం మొత్తమ్మీద పనికొచ్చే పని చేసిన పాత్ర అదొక్కటే" అనేది. హీరో వేషం కట్టినాయన ఇప్పటికీ దానికి ఉడుక్కుంటాడు.

మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన రోజు మాత్రం ఈ హాస్యమేమీ లేదు. ఇంట్లో రాత్రంతా అడగాల్సినవన్నీ మనసులో పేర్చుకుంది. గదిలోకి వెళ్ళింది. డాక్టరమ్మ మంచి మనిషే; కానీ బయట హాలు నిండా జనం, ఆమె మాట రైలుబండి. గడ్డ ఇంత, ఆపరేషన్ ఫలానా రోజు, తరవాత మందులు, ఏమైనా అడగాలా? గుసగుసక్క నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. నాటకాలకు నాటకాలు కంఠతా ఉన్న మనిషి, తన వంతు వచ్చేసరికి "సరేనండీ" అని లేచి వచ్చేసింది.

"రెండో అంకం మొత్తం మింగేశానన్నయ్యా. పక్కన అందించేవాళ్ళు కూడా లేరు" అని అప్పట్లో నాకు ఫోనులో చెప్పి నవ్వింది. ఆ నవ్వు నవ్వులా లేదు.

రెండోసారికి ఆమె తనకు తెలిసిన పని చేసింది. మాటలు రాసుకుంది. నాటకాల్లో ఒక పద్ధతి ఉంది: నటుడికి నాటకమంతా ఇవ్వరు, అతని పాత్ర మాటలే విడిగా రాసిస్తారు. ఎదుటివాడి మాటలో చివరి ముక్క, ఆ కింద ఇతను అనవలసింది, మధ్యలో బ్రాకెట్లలో ఎలా అనాలో, ఎటు నడవాలో. ఆమె అలాగే రాసుకుంది. డాక్టరమ్మ "ఏమైనా అడగాలా?" అనగానే (వెంటనే లేవకూడదు. కుర్చీ గట్టిగా పట్టుకోవాలి) అని రాసుకుని, కింద ప్రశ్నలు. ఈసారి గదిలోంచి బయటికొచ్చేసరికి తన ఒంట్లో ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు. తెలిసిన భయం తెలియని భయమంత బరువుండదని నేను పుస్తకాల్లో చదివాను గానీ, మనిషి మొహంలో చూసింది అప్పుడే.

ఆపరేషనయ్యింది. మందులెక్కించడం మొదలయ్యాక జుట్టు రాలింది. సమాజంలో అందరికీ వేషాలు కట్టే మేకప్ మావయ్య తన విగ్గుల పెట్టెలన్నీ మోసుకొచ్చి మంచం మీద పరిచాడు. రాణి జుట్టు ఆమెకు నచ్చలేదు, దురద. చివరికి భుజాల దాకా వేలాడే మంత్రి జుట్టు ఎంచుకుంది.

"అక్కా, అది మగ వేషం" అన్నాడు మావయ్య.

"ఉండనీ. దీంతో వెళ్తే నర్సులు లేచి నిలబడతారు."

రొమ్ము తీసేసిన వైపు జాకెట్లో పెట్టుకోవడానికి దుస్తులు కుట్టే ఆవిడ దూదితో ఒక దిండు కుట్టిచ్చింది. దూది తేలిక, చెయ్యెత్తితే అది మెల్లగా పైకి పాకేది. ఒక సాయంత్రం రిహార్సల్లో అది భుజం దాకా వచ్చేసింది. గుసగుసక్క చూసుకుంది. "పైనేదో పనుందట, వెళ్తోంది" అంది. మర్నాడు పెద్ద తెర ఎగరకుండా అంచులో కుట్టే ఇసుక మూటల్లోంచి ఒకటి విప్పి, ఆ దిండులో పెట్టి కుట్టించుకుంది. అది కదల్లేదు. "తెరకి ఆగింది, నాకు ఆగదా?" అంది. ఆమె నవ్వుతుంటే లైట్లాయన వెనక్కి తిరిగి ఏదో తీగ సరిచేస్తూ ఉండిపోయాడు. అక్కడ తీగేమీ లేదు.

ఇంతలో ఆసుపత్రి హాల్లో ఒక వ్యాపకం మొదలైంది. గదిలోంచి బయటికొచ్చే ఆడవాళ్ళ మడమలు చూసేదట. "అందరూ మింగేసి వస్తున్నారన్నయ్యా. ఒక్కరి నోటా మాట లేదు." ఇక ఊరుకోలేకపోయింది. పక్కన కూర్చున్నావిడని నెమ్మదిగా మాటల్లోకి దింపి, ఏం అడగాలనుందో రాబట్టి, అక్కడికక్కడే కాగితం మీద పాత్ర రాసిచ్చేది. డాక్టరుతో అనాల్సినవే కాదు. పని మానేస్తావా అని అడిగే యజమానికి చెప్పాల్సినవి, "అయ్యో, నీకెలా వచ్చిందమ్మా!" అని ముక్కున వేలేసుకునే పక్కింటావిడకి చెప్పాల్సినవి కూడా. ఆ పక్కింటావిడ జవాబు ఆసుపత్రిలో బాగా పేరుపడింది: "(తీరిగ్గా) వరసలో నిలబడి తెచ్చుకున్నానండీ, మీక్కూడా ఒకటి చెప్పనా?"

భర్తలకు కూడా రాసేది. ఒకాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మా, నాకు రెండే మాటలున్నాయి?" అన్నాడు.

"మీ పాత్రకి మాటలు తక్కువండీ. ఎక్కువ భాగం గిన్నెలు తోమడమే."

అన్నిటికన్నా పెద్ద సంగతి బస్సు కండక్టరమ్మది. నిండు మనిషి, బస్సు చివరి సీటు దాకా వినపడే గొంతు. మందులు ఎక్కుతున్న కొద్దీ ఆమె వేలి కొసలు మొద్దుబారుతున్నాయి. ఇక టికెట్లు చింపగలనా లేదా అని లోపల్లోపల నలిగిపోతోంది; అడగడానికి నోరు రావడం లేదు. గుసగుసక్క రాసిచ్చింది. చేసిన పొరపాటల్లా, నాటకాలవాళ్ళకి చెప్పక్కర్లేనిది ఈమెకి చెప్పాలని తోచకపోవడం.

కండక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. స్టాపులు పిలిచే గొంతుతో కాగితం మొదలుపెట్టింది:

"కుర్చీలో వెనక్కి ఆనుకుని తొందర లేనట్టుగా డాక్టరుగారూ ఈ మందు ఇంకా ఎన్నిసార్లు? ఇక్కడ ఆగాలి ఆమె ఫైలు చూస్తుంది! భయం మొహంలోకి రానివ్వకూడదు! నా వేళ్ళకి మళ్ళీ స్పర్శ వస్తుందా?"

హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు, వెంటనే ఇంకొకరు, ఆ పిమ్మట అందరూ. గుసగుసక్క మంత్రి జుట్టు మొహం మీదికి లాక్కుంది.

గదిలో డాక్టరమ్మ మాత్రం నవ్వలేదట. కలం కింద పెట్టి, కుర్చీ ముందుకు జరిపి, "భయాన్ని రానివ్వమ్మా, ఫరవాలేదు. ముందు దాని గురించే మాట్లాడదాం" అందట. అంత మనిషీ బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. జబ్బు సంగతి తెలిశాక అదే మొదటిసారి. తరవాత ఇద్దరూ వేళ్ళ గురించి మాట్లాడుకున్నారు. మందు మోతాదు తగ్గించారు, స్పర్శ చాలామందికి తిరిగొస్తుందని చెప్పారు.

బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే గుసగుసక్క మీద విరుచుకుపడింది. "బ్రాకెట్లలో ఉన్నవి చదవకూడదని చెప్పొద్దా అక్కా? మా బస్సులో రాసున్నదేదైనా మేం చదివే తీరుతాం!"

"నాదే తప్పు తల్లీ" అంది గుసగుసక్క. ఆ తప్పుని దిద్దుకోవాలని మాత్రం ఆమెకి అనిపించలేదు. ఆ రోజు నుంచి కాగితాల్లో ప్రశ్నలు చిన్నవయ్యాయి, బ్రాకెట్లు పెద్దవయ్యాయి. చెప్పుకోలేనిదంతా వాటిలోకి వెళ్ళేది. చదవాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. డాక్టరమ్మకు కూడా అలవాటైపోయి, చేతిలో కాగితంతో ఎవరు వచ్చినా, "బ్రాకెట్లో ఏముంది?" అని అడిగేది.

నేను తోవ తప్పాను. ముసలితనంలో కాళ్ళకే కాదు, కథకీ తిరుగుడు ఎక్కువవుతుంది. వంటింట్లోకి వద్దాం.

సొరుగులన్నీ లోపలికి తోసేశాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రేపటికి ఏమైనా రాసుకున్నావా అని అడిగాను.

"కూర్చున్నానన్నయ్యా రాయడానికి. మాటలు రావట్లేదు, బ్రాకెట్లే వస్తున్నాయి" అంది.

ఇంత చదివి, ఆ పూట ఆమెకు పనికొచ్చే ముక్క ఒక్కటి గుర్తురాలేదు. టీ పెట్టమన్నాను. అప్పుడే తోమిన గిన్నెని మళ్ళీ తోమి పెట్టింది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. హాల్లో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. అక్కా, అక్కా అని నలువైపుల నుంచీ పిలిచారు. ఒకావిడ కాగితం చాపి, "ఇక్కడ ఏం రాయమంటావక్కా?" అని అడిగింది. గుసగుసక్క ఆ కాగితం తీసుకుంది గానీ అందులో ఏముందో ఆమె కళ్ళకు ఆనలేదు. తిరిగి ఇచ్చేసి, "నాది అయ్యాక రాస్తానమ్మా" అంది. ఆ హాల్లో ఆ మాట అనడం అదే మొదలు కాబోలు. ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

పేరు పిలిచారు. లైట్లాయన లేచాడు, రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. "మీరు వెళ్ళండి బావగారూ. నేనిక్కడే ఉంటా" అని గోడని పట్టుకున్నాడు.

గదిలో డాక్టరమ్మ ఫైలు తిప్పుతూనే, తలెత్తకుండా, ఎప్పటి వేగంతోనే చెప్పేసింది. "వచ్చింది రిపోర్టు, అది క్యాన్సర్ కాదు, పాత కుట్టు దారం ముక్క లోపల ఉండిపోతే దాని చుట్టూ కండ గట్టిపడింది, అలా జరుగుతుంటుంది, ఏం చెయ్యక్కర్లేదు, ఇబ్బందిగా ఉంటే తీసేద్దాం."

గుసగుసక్క కదల్లేదు.

"ఇంకోసారి చెప్పండి" అంది.

"క్యాన్సర్ కాదమ్మా. కుట్టు దారం..."

"అలా కాదండీ. కాస్త నెమ్మదిగా. ఫైలు మూసి, నన్ను చూసి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. ఫైలు మూసింది. బయట అంత జనం ఉన్నా, ఆ రైలుబండి మొదటిసారి స్టేషన్లో పూర్తిగా ఆగింది. "మీకు క్యాన్సర్ తిరిగి రాలేదు" అంది.

"ఆ! ఇలా చెప్పాలి" అంది గుసగుసక్క. అప్పుడు ఊపిరి పీల్చుకుంది. అంతసేపూ బిగబట్టిందని ఆ చప్పుడు విన్నాకే నాకు తెలిసింది. "ఇప్పుడు ఆయన్ని పిలుస్తాను. ఆయనకీ ఇలాగే చెప్పాలి మీరు. నేను చెప్తే నమ్మరు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంటారు."

లైట్లాయన లోపలికి వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక బరువు తూచే మిషను పక్కన నిలబడ్డాడు. డాక్టరమ్మ ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, చెప్పిన ప్రకారం, నెమ్మదిగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ మొదలుపెట్టింది.

"చూడండి. అది... క్యాన్సర్..."

బల్ల మీద ఫోను మోగింది. ఆమె అటు చూసింది.

నేను పట్టుకునేలోపు లైట్లాయన మిషను మీద కూలబడ్డాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"కాదు! కాదు! కాదు!" అని అరిచింది గుసగుసక్క. ఆమె గొంతులో అంత చప్పుడు ఉందని నాకిన్నేళ్ళలో తెలియదు. హాలంతటికీ వినిపించి ఉంటుంది. "'కాదు'కి ముందు ఆగుతారటండీ ఎవరైనా! మనిషిని చంపేద్దామనా?"

"ఫోనమ్మా!" అంది డాక్టరమ్మ, నవ్వాపుకోలేక. "సారీ అండీ. కాదు. క్యాన్సర్ కాదు. లేవండి."

లైట్లాయన లేవలేదు. మిషను మీదే కూర్చుని అటూ ఇటూ మా మొహాలు చూసి, "అయితే ఎల్లుండి నాటకానికి వస్తుందాండీ?" అని అడిగాడు.

"ఎల్లుండేంటి, ఇప్పుడే తీసుకెళ్ళండి. బయట నా హాలంతా వింటోంది."

వింటూనే ఉంది. మేం తలుపు తీసేసరికి హాల్లో సగం మంది నిలబడి ఉన్నారు. చప్పట్లేవీ లేవు, ఆసుపత్రి కదా. ఒక ముసలావిడ మాత్రం గుసగుసక్క బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "గొంతుంది పిల్లా నీకు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అంది. గుసగుసక్క ఇందాకటి ఆవిడ పక్కన కూర్చుని, కాగితం తీసుకుని, చాలాసేపు రాసిచ్చింది. లైట్లాయన, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఆయన జేబులోంచి రెండు బిళ్ళలు తీసి, ఒకటి నాకిచ్చాడు. పుదీనా బిళ్ళలు.

తిరుగుబస్సులో కిటికీ పక్క సీటు ఆమెది. బస్సు కదిలి పెద్ద వీధి మలుపు తిరిగేలోపే తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. నోరు తెరుచుకుంది, సన్నగా గురక. వారం రోజుల నిద్ర ఒక్కసారిగా వచ్చి మీద పడినట్టుంది. మా స్టాపు వచ్చింది. లైట్లాయన ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. బస్సు ఆగింది, మనుషులు దిగారు, మనుషులు ఎక్కారు. బస్సు కదిలింది. మా వీధి, మందుల దుకాణం, నాటకశాల గోడ మీద ఎల్లుండి ఆటకి అంటించిన పోస్టరు, అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి.

చివరి స్టాపులో ఇంజను ఆగిన నిశ్శబ్దానికి ఆమెకు మెలకువ వచ్చింది. కళ్ళు నులుముకుని బయటికి చూసింది. ఖాళీ బస్సులు, టైర్లు పేర్చిన గోడ, నీళ్ళ కుళాయి.

"ఇదెక్కడండీ?"

"చివరి స్టాపు" అన్నాడు లైట్లాయన.

"చివరి స్టాపా! ఇద్దరు మగాళ్ళుండి, ఒక్కరికీ లేపాలని తోచలేదూ? ఇప్పుడు మళ్ళీ అంత దూరం వెనక్కి వెళ్ళాలా? పొయ్యి మీద ఏమీ పెట్టలేదు, నాకు ఆకలి దంచేస్తోంది."

ఆమె తిడుతూనే దిగింది. ఆయన ఆమె సంచి పట్టుకుని వెనకే దిగాడు, తిట్లన్నిటికీ తల ఊపుతూ. వెనక్కి వెళ్ళే బస్సు ఇంకా రాలేదు. గేటు పక్కన ఒకతను రొట్టెలు, ఉడికించిన గుడ్లు అమ్ముతున్నాడు. ముగ్గురం అక్కడికి నడిచాం.